ఎలైజా గొంతు ఎవరిది?

పూలమ్ముకునే అమ్మాయి, ఉచ్చారణ నేర్పే ప్రొఫెసరు, ఇద్దరి మధ్య ఆర్నెల్ల పాఠాలు. 1964లో వచ్చిన ‘మై ఫెయిర్ లేడీ’ కథ ఇంతే. నిడివి మాత్రం దాదాపు రెండు గంటల యాభై నిమిషాలు. రీల్ ముప్పై సెకన్లు దాటితే వేలు దానంతటదే పైకి తోసేసే రోజుల్లో, అరవై ఏళ్ల కిందటి ఇంగ్లీషు పాటల సినిమా చూడమనడానికి నాకూ కాస్త మొహమాటంగానే ఉంది. అయినా చెబుతున్నాను. ఎందుకంటే ఇది యాస గురించి తీసిన సినిమా. ‘మీది ఏ ఊరు?’ అన్న ప్రశ్న ఎప్పుడైనా మీకు ఓ వంకర నవ్వుతో కలిపి ఎదురై ఉంటే, ఈ కథ మీకు కొత్తగా అనిపించదు.

ఇందులో రెండు కథలున్నాయి. తెర మీద ఒకమ్మాయి మాట మార్చుకుని, చివరికి తన మాట తాను చెప్పడం నేర్చుకుంటుంది. తెర వెనక, ఆ పాత్ర వేసిన నటి గొంతునే సినిమాలోంచి తీసేశారు. మొదటి కథ అందరికీ తెలుసు. రెండోది తెలిశాక మొదటిది వేరేలా కనిపిస్తుంది.

ఒక షిల్లింగు ఫీజు

ముందు తెర మీది కథ. లండన్‌లో కోవెంట్ గార్డెన్. వాన పడుతోంది. ఆపెరా చూసి బయటికొచ్చిన పెద్దింటివాళ్లకు పూలు అమ్ముకుంటోంది ఎలైజా డూలిటిల్. ఆమెది కాక్నీ యాస. అంటే లండన్ పేదవాడల్లో వినపడే ఇంగ్లీషు. ‘హ’ మింగేస్తుంది, ‘ఏ’ అనాల్సిన చోట ‘ఐ’ అంటుంది. ఒకాయన స్తంభం చాటున నిలబడి ఆమె మాటలన్నీ పుస్తకంలో ఎక్కించుకుంటున్నాడు. ఆయనే ప్రొఫెసర్ హెన్రీ హిగ్గిన్స్. మనిషి నోరు విప్పితే చాలు, ఏ పేటలో పుట్టాడో చెప్పేస్తాడు.

అక్కడే ఆయనకు కల్నల్ పికరింగ్ తగులుతాడు. ఈ కల్నల్ మన దేశపు భాషల మీద పనిచేసిన ఇంగ్లీషాయన. హిగ్గిన్స్‌ని కలవడానికే ఇండియా నుంచి వచ్చాడు. హిగ్గిన్సేమో ఈయన్ని కలవడానికి ఇండియా వెళ్లాలనుకుంటున్నాడు. ఇద్దరు భాషా పిచ్చోళ్లు వానలో కలిశారన్నమాట. ఆ ఊపులో హిగ్గిన్స్ గొప్పలు పోతాడు: ఆర్నెల్లలో ఈ పిల్లని ఎంబసీ విందులో డచెస్‌లా నిలబెడతానని.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతి ఒకటుంది. మర్నాడు హిగ్గిన్స్ ఇంటికి ఎలైజా తనంతట తానే వస్తుంది. ఎవరూ పిలవలేదు. బుట్ట పట్టుకుని వీధిలో తిరిగే బదులు పూలకొట్లో నిలబడి అమ్మే ఉద్యోగం కావాలి ఆమెకు. అందుకు మాట బాగుండాలి. ఉచితంగా వద్దు, డబ్బిస్తానంటుంది. ఎంత? ఒక షిల్లింగు. హిగ్గిన్స్ నవ్వడు, లెక్కేస్తాడు. ఆమె రోజు సంపాదనలో షిల్లింగు వాటా ఎంతో చూస్తే, ఒక కోటీశ్వరుడు అరవై డెబ్భై పౌండ్లు ఇచ్చినట్టే అంటాడు. నాకు సినిమా మొత్తంలో హిగ్గిన్స్ మీద గౌరవం కలిగేది ఇక్కడే. ఆ తర్వాత పికరింగ్ పందెం కాసి పాఠాల ఖర్చు తనదంటాడు. దాంతో ఫీజు కట్టి చేరదామనుకున్న విద్యార్థి కాస్తా, ఇద్దరు పెద్దమనుషుల పందెంలో పావు అయిపోతుంది.

పాఠాలు మొదలవుతాయి. నోట్లో గోళీలు పెట్టి మాట్లాడిస్తాడు. ‘హ’ సరిగ్గా పలికితే దీపం మంట ఊగాలి. అచ్చులు రికార్డు పెట్టి పదేపదే వినిపిస్తాడు. అన్నట్టు, సినిమాలో వినపడే ఆ అచ్చుల గొంతు నిజమైన ధ్వనిశాస్త్రవేత్తది. పేరు పీటర్ లాడెఫోగెడ్. కాలిఫోర్నియా యూనివర్సిటీలో పనిచేస్తూ ఈ సినిమాకు భాషా సలహాదారుగా ఉన్నాడు. ఆయనే తర్వాతి కాలంలో మన తెలుగు భాషాశాస్త్రవేత్త పేరి భాస్కరరావు గారితో కలిసి నీలగిరుల్లోని తోడా భాష ధ్వనుల మీద పనిచేశాడు. హాలీవుడ్ స్టూడియో నుంచి నీలగిరుల దాకా ఒకే చెవి!

ఆర్నెల్లు గడిచాయి. ఎంబసీ విందులో ఎలైజా అడుగుపెట్టింది. అక్కడ ఒక హంగేరియన్ భాషా నిపుణుడు ఆమె చుట్టూ తిరిగి తిరిగి, ఈమె ఇంగ్లీషు మరీ శుద్ధంగా ఉంది కాబట్టి ఇంగ్లీషు పిల్ల కాదు, హంగేరియన్ రాకుమారి అని తేల్చేస్తాడు. పందెం గెలిచారు. ఇంటికొచ్చారు. హిగ్గిన్స్, పికరింగ్, పనివాళ్లు అందరూ కలిసి ఒకరినొకరు మెచ్చుకుంటూ పాడేసుకుంటారు. ఎలైజా గోడ పక్కన నిలబడి ఉంటుంది. ఆమెను పలకరించినవాడు లేడు.

ఆ సీను కోసమైనా ఈ సినిమా చూడాలి. స్టేజి మీద అయితే మన కళ్లు పాడేవాళ్ల వైపే పోయే వీలుంది. ఇక్కడ మగవాళ్ల సందడి మధ్యలో ఆ అమ్మాయి మౌనం మన కంట పడుతూనే ఉంటుంది. కాసేపటికి హిగ్గిన్స్ ఇంట్లో వేసుకునే తన చెప్పులు వెతుక్కుంటూ వస్తాడు. ఆమె ఆ చెప్పులే తీసి ఆయన మీదికి విసురుతుంది. ఇప్పుడు నా గతేంటి అని అడుగుతుంది. నిజమే కదా. డచెస్‌లా మాట్లాడే పిల్ల మళ్లీ వీధిలో పూలమ్మలేదు. చేతిలో డబ్బు లేదు కాబట్టి డచెస్‌లా బతకనూ లేదు. యాస మారింది, అడ్రసు మారలేదు.

షా వద్దన్నాడు

ఈ కథ మూలం బెర్నార్డ్ షా రాసిన ‘పిగ్మేలియన్’ నాటకం. 1913లో మొదట వియన్నాలో, జర్మన్ భాషలో ఆడింది. 1914లో లండన్‌కొచ్చింది. పాటల్లేవు, పెళ్లీ లేదు. చివర్లో ఎలైజా వెళ్లిపోతుంది. కానీ చూసేవాళ్లకు ఆ ఇద్దరినీ కలపాలని ఒకటే తాపత్రయం. లండన్ ప్రదర్శనలో హిగ్గిన్స్ వేసిన నటుడు హెర్బర్ట్ బీర్బోమ్ ట్రీ, చివర్లో ఎలైజా వైపు పూలు విసిరి ప్రేమ వాసన తగిలించాడు. షాకు ఒళ్లు మండింది. 1916లో పుస్తకానికి పెద్ద తోక చేర్చి మరీ చెప్పాడు: ఎలైజా పెళ్లాడింది హిగ్గిన్స్‌ని కాదు, ఆమె వెంటపడిన ఫ్రెడ్డీ అనే కుర్రాణ్ని, ఇద్దరూ పూలకొట్టు పెట్టుకున్నారు అని. అంటే మొదట్లో ఆమె కోరుకున్న పూలకొట్టే, ఈసారి సొంతది.

1938లో ఇదే నాటకం ఇంగ్లీషు సినిమా అయింది. షాకు స్క్రీన్‌ప్లే ఆస్కార్ కూడా వచ్చింది. కానీ చివర మాత్రం ఆయన చెప్పినట్టు ఉండలేదు. ఎలైజా హిగ్గిన్స్ ఇంటికి తిరిగొచ్చేస్తుంది.

దీన్ని పాటల నాటకం చేస్తామని అడిగితే షా ససేమిరా అన్నాడు. అంతకుముందు ఆయన నాటకం ఒకటి ‘ది చాకొలెట్ సోల్జర్’ పేరుతో పాటల నాటకంగా మారి, ఆయనకు జీవితాంతం చేదు మిగిల్చింది. 1950లో షా పోయాక దారి తెరుచుకుంది. అయినా పని తేలిక కాలేదు. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ జంట రోజర్స్, హ్యామర్‌స్టైన్ కూడా ఒక చేయి వేసి, కుదరదని వదిలేశారు. రచయిత అలన్ జే లెర్నర్, సంగీతకారుడు ఫ్రెడరిక్ లోవ్ కూడా ఓసారి వదిలేసి మళ్లీ పట్టుకున్నారు. ఈసారి వాళ్లకు తాళంచెవి దొరికింది. షా మాటలు చాలావరకు అలాగే ఉంచి, ఆయన నాటకంలో తెర పడ్డాక జరిగిపోయిన సంగతులను తెర ఎత్తి చూపించారు. పాఠాలు, గుర్రప్పందేలు, డాన్సు విందు. పాటలకు చోటు అక్కడ దొరికింది.

1956 మార్చిలో బ్రాడ్‌వేలో మొదలైన ఈ నాటకం 2,717 ప్రదర్శనలు ఆడింది. హిగ్గిన్స్‌గా రెక్స్ హారిసన్. ఎలైజాగా జూలీ ఆండ్రూస్. అప్పటికి ఆమెకు ఇరవై ఏళ్లు. ఆ పాటలు ఆమె గొంతు కోసమే పుట్టాయా అన్నట్టుండేది.

ముఖం ఒకరిది, గొంతు ఒకరిది

వార్నర్ బ్రదర్స్ అధినేత జాక్ వార్నర్ 55 లక్షల డాలర్లు పెట్టి సినిమా హక్కులు కొన్నాడు. అప్పట్లో అది రికార్డు. అంత డబ్బు పెట్టినవాడికి భయం కూడా అంతే ఉంటుంది. జూలీ ఆండ్రూస్ అప్పటికి ఒక్క సినిమా కూడా చేయలేదు. ఊరూరా తెలిసిన ముఖం కావాలి. అందుకని ఆడ్రీ హెప్‌బర్న్‌ని తీసుకున్నాడు. పారితోషికం పది లక్షల డాలర్లు. హిగ్గిన్స్ పాత్రకూ క్యారీ గ్రాంట్‌ని అడిగితే, ఆయన మాత్రం రెక్స్ హారిసన్ లేకపోతే ఆ సినిమా చూడను కూడా చూడనన్నాడట. అలా మగపాత్ర నాటకం నుంచి వచ్చిన మనిషికే దక్కింది. ఆడపాత్ర దక్కలేదు.

హెప్‌బర్న్ పాటలు తానే పాడాలనుకుంది. సంగీతం నేర్చుకుంది, సాధన చేసింది, రికార్డింగులూ అయ్యాయి. కానీ చివరికి చాలావరకు పాటలు మార్నీ నిక్సన్ అనే గాయనితో పాడించి, ఆ గొంతే ఉంచారు. హెప్‌బర్న్ పాడిన కొన్ని రికార్డులు మిగిలాయి, తర్వాత బయటికీ వచ్చాయి. నేను విన్నాను. పై స్థాయిలో గొంతు అందదు, నిజమే. కానీ వాన వెలిసిన చలి రాత్రి, ఒక వెచ్చని గది ఉంటే చాలనుకునే పేదపిల్ల పాటలో ఆ కొంచెం బొంగురు, ఆ కొంచెం తడబాటు ఎంత అతికినట్టున్నాయో! నిక్సన్ గొంతు ముత్యంలా ఉంటుంది. కానీ మురికి బుగ్గల పిల్ల నోట్లోంచి ముత్యం రాలితే, ఇక ప్రొఫెసర్‌తో పనేముంది?

అదే సినిమాలో హారిసన్‌కి ఏం జరిగిందో చూడండి. ఆయన పాడడు. పాటను మాటలా చెప్పుకుంటూ పోతాడు. ముందే రికార్డు చేసిన పాటకు షూటింగులో పెదవులు కలపమంటే కుదరదన్నాడు, ఎందుకంటే ఆయన ఏ రెండుసార్లూ ఒకేలా చెప్పడు. సరేనని స్టూడియోవాళ్లు ఆయన టైలో చిన్న వైర్‌లెస్ మైకు దాచి, పాటలు షూటింగులోనే రికార్డు చేశారు. పాడటం రాని మగవాడి కోసం టెక్నాలజీని మార్చారు. పాడటం తగినంత రాని ఆడమనిషికి గొంతు మార్చారు. ఫ్రెడ్డీ వేసిన జెరెమీ బ్రెట్‌కి కూడా పాట వేరే గాయకుడే పాడాడు కాబట్టి, ఇది పూర్తిగా ఆడా మగా లెక్క కాదు. ఎవరి పలుకుబడి ఎంత అన్న లెక్క.

ఇక మార్నీ నిక్సన్. ‘ది కింగ్ అండ్ ఐ’లో డెబొరా కెర్‌కి, ‘వెస్ట్ సైడ్ స్టోరీ’లో నటలీ వుడ్‌కి పాడింది కూడా ఈమే. మూడు పెద్ద సినిమాలు, తెర మీద పేరు ఎక్కడా లేదు. మొదటి సినిమా అప్పుడు సంగతి బయటికి పొక్కితే ఇక ఊళ్లో పని దొరకదని స్టూడియో బెదిరించిందని ఆమె తర్వాత చెప్పింది. ‘వెస్ట్ సైడ్ స్టోరీ’ రికార్డుల మీద సంగీతకారుడు లెనర్డ్ బెర్న్‌స్టీన్ తన రాయల్టీలోంచి చిన్న వాటా ఆమెకు ఇచ్చాడు. అదొక్కటే ఊరట. ఆమె ముఖం చూడాలంటే ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’లో నన్స్ గుంపులో వెతకండి. సిస్టర్ సోఫియా ఆమే. ఆ సినిమాలో హీరోయిన్ ఎవరు? జూలీ ఆండ్రూస్! గొంతు ఇచ్చినామె, పాత్ర పోగొట్టుకున్నామె ఒకే ఫ్రేములో.

1965 ఏప్రిల్‌లో ఆస్కార్ వేడుక. ‘మై ఫెయిర్ లేడీ’కి 12 నామినేషన్లు, 8 అవార్డులు. ఉత్తమ చిత్రం, దర్శకుడిగా జార్జ్ క్యూకర్, నటుడిగా రెక్స్ హారిసన్. ఎలైజాకు మాత్రం నామినేషన్ కూడా లేదు. ఉత్తమ నటి అవార్డు జూలీ ఆండ్రూస్‌కి వెళ్లింది, ‘మేరీ పాపిన్స్’ అనే వేరే సినిమాకు. హారిసన్‌కి అవార్డు అందించిన చేతులు ఎవరివనుకున్నారు? ఆడ్రీ హెప్‌బర్న్‌వి. పందెం గెలిచిన రాత్రి సీను గుర్తొచ్చిందా? మగవాళ్లు మెచ్చుకోళ్లు అందుకుంటుంటే ఎలైజా పక్కన నిలబడి ఉంటుంది. సినిమా బయట కూడా అదే సీను ఆడింది.

మన దగ్గర సంగతి

ఇది చదివి ‘అబ్బ, హాలీవుడ్ ఎంత మోసం’ అనేయడం తేలిక. మన సినిమాల్లో హీరోయిన్ పాట వేరేవాళ్లు పాడటం మోసమని ఎవరైనా అనుకున్నారా? లేదు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1932లో సురభి నాటకం నుంచి వచ్చింది. అంటే మన సినిమా పుట్టుకే పాటల నాటకం తెరకెక్కడంతో. ఆ కాలంలో ఎవరి పద్యం వాళ్లే పాడుకునేవారు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చింది. భానుమతి గారి లాంటివాళ్లు తమ పాట తామే పాడుకున్నారు, మిగతావాళ్లకు సుశీల గారు పాడారు. ఎవరు పాడారో రేడియో చెప్పేది, రికార్డు మీద రాసుండేది. ఘంటసాల గారి గొంతు రామారావు గారి నోట్లోంచి వస్తే మనకు రెండు ఆనందాలు దక్కాయి. గొంతు అరువు తెచ్చుకోవడంలో తప్పులేదు. దాన్ని దాచిపెట్టడంలోనే ఉంది గొడవంతా.

పాట విషయంలో మనం నిజాయితీగానే ఉన్నాం. మాట దగ్గరికొచ్చేసరికి అంత గొప్పేం కాదు. హీరోయిన్లకు మాటలు చెప్పిన డబ్బింగ్ కళాకారిణులు చాలాకాలం మార్నీ నిక్సన్‌లాగే ఉండిపోయారు. ‘ఏ మాయ చేసావె’లో సమంతకు చిన్మయి చెప్పిన మాటల గురించి జనం మాట్లాడుకునే రోజులు వచ్చేదాకా, ఆ గొంతుల వెనక మనుషులున్నారని ఎంతమందికి పట్టింది?

యాస సంగతి సరేసరి. మన తెర మీద చాలా ఏళ్లు తెలంగాణ యాసన్నా, శ్రీకాకుళం యాసన్నా కమెడియన్‌కో, విలన్ పక్కనున్నవాడికో కట్టబెట్టారు. ప్రేమించే మనిషి మాత్రం ఏ ఊరూ కాని పుస్తకాల తెలుగు మాట్లాడాలి. 2017లో ‘ఫిదా’లో సాయిపల్లవి తన సొంత గొంతుతో, తెలంగాణ యాసలో భానుమతిగా మాట్లాడితే అంత సంబరం ఎందుకైందంటే, ఆ యాసలో ప్రేమించొచ్చు, అలగొచ్చు, ఎదురు చెప్పొచ్చు అని తెర ఒప్పుకున్నందుకే. ఆరేళ్లకు ‘బలగం’ వచ్చి, ఆ యాసలో ఏడవొచ్చు కూడా అని చూపించింది.

సినిమాల బయట? నేను డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో కొన్నాళ్లు ఓ కాల్ సెంటర్ శిక్షణలో కూర్చున్నాను. మాకు ‘న్యూట్రల్ యాక్సెంట్’ నేర్పేవారు. ‘బస్సు’ చివరున్న ఉకారం తీసేయాలి. ‘వి’కీ, ‘డబ్ల్యూ’కీ పెదవులు వేరేగా పెట్టాలి. నోటి ముందు పల్చటి కాగితం పట్టుకుని ‘ప’ అంటే కాగితం ఎగరాలి. హిగ్గిన్స్ దీపం బదులు కాగితం, అంతే తేడా. మా బ్యాచ్‌లో నాగర్‌కర్నూల్ అమ్మాయి ఒకతె ఉండేది. అందరికన్నా ముందు పాసైంది. జీతంలో ఇంటికి పంపడం మొదలెట్టింది. పండక్కి ఊరెళ్లి వచ్చాక చెప్పింది: ‘ఇంటికి పోతే నువ్వు టీవీల లెక్క మాట్లాడుతున్నవే అంటున్నరు. ఈడకొస్తే మీదేవూరు అని నవ్వుతున్నరు. నేను యాడ మాట్లాడాల్నో తెలుస్తలేదు.’

అప్పటికి నేను ‘మై ఫెయిర్ లేడీ’ చూడలేదు. చూశాక మాత్రం ఒక సీను దగ్గర ఆపేసి కాసేపు కూర్చున్నాను. హిగ్గిన్స్ ఇల్లు విడిచిన ఎలైజా తెల్లవారుజామున కోవెంట్ గార్డెన్‌కి వెళ్తుంది. చలిమంట కాచుకుంటున్నవాళ్లు ఒకప్పుడు ఆమెతో కలిసి బతికినవాళ్లే. ఆమెను గుర్తుపట్టరు. ఎవరో దొరసాని దారి తప్పి వచ్చిందనుకుని మర్యాద చేస్తారు. సొంతవాళ్లు మర్యాద చేయడం కన్నా దూరం ఇంకేముంటుంది?

ఇప్పుడైతే ఆ శిక్షణ కూడా అక్కర్లేదట. కాల్ సెంటర్‌లో మాట్లాడేవాళ్ల యాసను అప్పటికప్పుడు మార్చి అవతలివాళ్లకు వినిపించే సాఫ్ట్‌వేర్ వచ్చేసింది. నోరు మనది, చెవికి చేరేది ఇంకోటి. ఒకరకంగా మేలే. నోట్లో గోళీల బాధ తప్పింది. కానీ ఎలైజాకు పాఠాల తర్వాత కనీసం ఆ మాట సొంతమైంది. హిగ్గిన్స్ ఇల్లు వదిలి వెళ్లినా అది ఆమె వెంటే వెళ్లింది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన యాస షిఫ్టు అయిపోగానే ఆఫీసులోనే ఉండిపోతుంది.

అందుకే యాస మార్చుకునేవాళ్లను తిట్టే పార్టీలో నేను లేను. ఎలైజా అడిగింది ఒక ఉద్యోగం. నాగర్‌కర్నూల్ అమ్మాయి అడిగిందీ అదే. ఇంటర్వ్యూకో రకం, ఇంటికో రకం మాట్లాడటం తెలివి, అందులో సిగ్గుపడాల్సింది లేదు. కొత్త మాట నేర్చుకోవాలంటే పాత మాటను చెత్త అనాల్సిందేనని చెప్పేవాడితోనే పేచీ. హిగ్గిన్స్ గొప్ప టీచరు. కానీ ఎలైజా మాటతో పాటు ఎలైజానూ చెత్తలో లెక్కేశాడు. పికరింగ్ ఒక్క పాఠమూ చెప్పలేదు, మొదటి రోజు నుంచీ ‘మిస్ డూలిటిల్’ అని పిలిచాడు. సినిమా చివర్లో ఎలైజా హిగ్గిన్స్ తల్లితో చెప్పేది ఇదే: దొరసానికీ పూలమ్మాయికీ తేడా వాళ్ల నడతలో లేదు, ఎదుటివాళ్లు చూసే తీరులో ఉంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె యాస ఎలా ఉందో మనకు గుర్తుండదు. చెప్పిన మాటే గుర్తుంటుంది.

చెప్పులెక్కడ?

ఇక క్లైమాక్స్. పాత సినిమాయే కాబట్టి చెప్పేస్తున్నా. హిగ్గిన్స్ ఒంటరిగా ఇంటికొస్తాడు. ఎలైజా పాత గొంతు రికార్డు పెట్టుకుని వింటుంటాడు. ఆ కాక్నీ గొంతే! తాను మార్చేసిన గొంతు కోసమే ఇప్పుడు మనసు పడుతున్నాడు. ఎలైజా లోపలికొచ్చి రికార్డు ఆపి, మిగతా మాట తానే పాత యాసలో అంటుంది. ఆయన ముఖం వెలుగుతుంది. కానీ లేచి ఎదురెళ్లడు. టోపీ ముఖం మీదికి లాక్కుని, నా చెప్పులెక్కడ అని అడుగుతాడు. శుభం కార్డు.

ఒకప్పుడు ఇది మహా రొమాంటిక్. ఇప్పుడు చూస్తే, నిజం చెప్పొద్దూ, రిమోట్ విసరాలనిపిస్తుంది. 2018లో న్యూయార్క్‌లోని లింకన్ సెంటర్‌లో ఈ నాటకం మళ్లీ వేసినప్పుడు దర్శకుడు బార్ట్‌లెట్ షేర్ ఒక్క మాట కూడా మార్చకుండా చివర మార్చాడు. హిగ్గిన్స్ చెప్పులడుగుతాడు, ఎలైజా ఓ క్షణం చూసి, స్టేజి దిగి ప్రేక్షకుల మధ్యలోంచి బయటికి నడిచి వెళ్లిపోతుంది. షా కోరుకున్నది వందేళ్ల తర్వాత దక్కిందన్నమాట.

మన దేశంలోనూ ఈ కథ తిరిగింది. మరాఠీలో పు.ల. దేశ్‌పాండే ‘తీ ఫులరాణీ’గా రాశారు, స్టేజి మీద భక్తి బర్వే ఆ పాత్రను ఏలింది. హిందీలో 1980లో ‘మన్‌పసంద్’ వచ్చింది, దేవానంద్, టీనా మునీమ్‌లతో. మన రెండు రాష్ట్రాల్లో ఉన్నన్ని యాసలకు ఎన్ని ఎలైజాలు పుట్టాలో ఆలోచించండి. గుడిమల్కాపూర్ మార్కెట్లో పూలబుట్ట పట్టుకున్న పిల్లతో మొదలయ్యే సినిమా ఎవరైనా తీస్తే మొదటి ఆట టికెట్ నాది. ఒక్కటే షరతు. ఆ పిల్ల మాటలు ఆ పిల్లే చెప్పాలి.

వీకెండ్ ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఈ సినిమా చూసేవాళ్లకు చిన్న పని చెబుతున్నా. హిగ్గిన్స్ మీద కోపంతో, నీ పని చెబుతా ఉండు అంటూ ఎలైజా ఒంటరిగా పాడే పాట ఒకటుంది. మొదలు హెప్‌బర్న్ సొంత గొంతే. పాట పైకి లేచే చోట నిక్సన్ గొంతు అందుకుంటుంది. కిందికి దిగాక మళ్లీ హెప్‌బర్న్. ఆ అతుకులు ఎక్కడున్నాయో పట్టుకోండి. దొరికాక మళ్లీ ఒకసారి వినండి. కోపం వచ్చిన ప్రతిచోటా గొంతు ఎవరిదో మీకే తెలుస్తుంది.